ఎనిమిది వంతులు

ఇంచియోన్‌లో, మిచుహోల్ పేటలో, నాలుగో అంతస్తు.
రెండు గదులు, ఒక కిటికీ.
తెరిస్తే ఎదురింటి ఏసీ వీపు.
నెలనెలా అద్దె లేదు దీనికి.
జొన్సే అంటాం, ఒక రకం భోగ్యం:
ఇంటాయన చేతిలో ఎనిమిది కోట్ల వోన్లు పోసి
రెండేళ్ళు కాపురముండి
వెళ్ళేనాడు పోసింది పోసినట్టు తీసుకోవడం.
నా డబ్బుకు వడ్డీ
ఈ కప్పు.

ఆ ఎనిమిదిలో మూడు నావి.
కట్టుడు పళ్ళ ల్యాబులో పదకొండేళ్ళు
ఎవరెవరి దవడలకో పింగాణీ అరగదీసి
కూడబెట్టినవి.
మిగతా ఐదూ బ్యాంకువి.
నెలకు లక్షా అరవై ఆరు వేలు,
అప్పివ్వడం కోసం చేసిన అప్పుకు.

ఆరు వందల వోన్లు కట్టి
పేట కార్యాలయంలో కాగితం మీద తేదీ ముద్ర వేయించాను.
నాకున్న రక్షణ మొత్తం ఖరీదు అంతే,
ఊదారంగు సిరాతో సహా.

ఇంటాయన ప్యో గ్యూమాన్, రిటైరైన బస్సు డ్రైవరు.
పది కోట్లకు కొన్నాడు ఈ ఇంటిని.
తను పెట్టింది రెండు. తక్కినవి నావి.
రెండు పెట్టినాయన యజమాని,
ఎనిమిది పెట్టిన నేను అద్దెకున్నమ్మాయిని.
ఈ లెక్క నాకు తట్టిన రాత్రి
ఇంటి ధర ఏడుకు దిగింది.

పెరుగుతున్నన్నాళ్ళూ పెరుగుదల ఆయనది.
నాకు రావలసింది నేనిచ్చిందే,
ఒక్క వోను ఎక్కువ కాదు.
పడ్డాక మాత్రం ఆయన రెండూ ముందు మునిగి
తర్వాత నా మెడదాకా వచ్చింది నీళ్ళు.
మూడో అంతస్తు బాంగ్ యోన్‌సిల్
వేలం నోటీసును ఫ్రిజ్ మీద అంటించుకుంది,
పిల్లాడి టైంటేబులు పక్కన.

గడువు తీరిన వారం ఆయన్ని పిలిచాను.
తిట్లన్నీ దారిలోనే పేర్చుకున్నాను, వరసగా.
హోటల్లో బార్లీ టీ చల్లారిపోయింది.
"కొత్తగా ఎవరూ రావట్లేదమ్మా. వస్తే వాళ్ళది నీకిచ్చేవాణ్ణి."
అంటే నాదీ అలాగే ఎవరికో వెళ్ళిందన్నమాట.
"బ్రేకు పడనప్పుడు డ్రైవరూ బస్సులోనే ఉంటాడు," అన్నాడు.
"స్టీరింగు మాత్రం మీ చేతిలో ఉంది," అన్నాను.
నూడుల్స్ ఉబ్బిపోయేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.

అప్పుడు రసీదు వెనక గీత గీశాను.
ఇంట్లో పది వంతులు. ఎనిమిది నా పేర రాయండి.
పెరిగితే ఎనిమిది వంతుల పెరుగుదల,
తరిగితే ఎనిమిది వంతుల తరుగుదల.
మీ రెండూ మీవే.
ఇచ్చిన అసలు ఇక అడగను.

కళ్ళద్దాలు తుడుచుకున్నాడు చాలాసేపు.
"మరి నా రెండు వంతుల్లో ఉంటున్నందుకు అద్దో?"
నిజంగానే అడిగాడు.
నాలుగు నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది.
నెలకు ఎనభై వేలకు తెగింది బేరం.

బ్యాంకులో అదే రసీదు చూపించాను.
ఏ వంతులోకీ రానంది.
కౌంటరమ్మాయి మంచిదే, గొడుగు కూడా ఇచ్చింది.
వాళ్ళ ఐదు కోట్లు మాత్రం
ఏ వానకూ తడవవు.

జూలై ముసురులో స్నానాలగది కప్పు కారింది.
ప్లంబరు మూడున్నర లక్షలన్నాడు.
ఆయన వంతు డెబ్బై వేలు కవర్లో పెట్టి తెచ్చి,
ఊరికే పోకుండా స్టూలు పట్టుకు నిలబడి,
గొట్టం బిగించేటప్పుడు
తప్పు చెప్పి ప్లంబరు చేత తిట్లు తిన్నాడు.

"ఎవరైనా ఏడుకు పైన అడిగితే చెప్పు,"
మెట్లు దిగుతూ అన్నాడు.
కింద అడిగితే?
జవాబు మూడో అంతస్తు మలుపు నుంచి వచ్చింది,
బాంగ్ యోన్‌సిల్ మూసిన తలుపు ముందు నుంచి:
"అదీ చెప్పు."